నాన్నకి కరోనా లేదు, నెగెటివ్ రిపోర్ట్ మూడో రోజు వచ్చింది. ఆ టైంలో ఎమర్జెన్సీకి పోయినోళ్ళ సంగతి తెలిసినోళ్ళు చెప్పండి

పటమటలంక | రాత్రి 9:42

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటున్నా, చెయ్యి రాలేదు, ఇవాళ అమ్మ మళ్ళీ అదే మాట అంది అందుకే రాస్తున్నా. 2020 జూలై నెలాఖరు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి కానీ మనిషి గట్టిగానే ఉండేవాడు. ఆ రోజు రాత్రి పదకొండింటికి ఛాతీలో పట్టేసినట్టుంది అన్నాడు. సాయంత్రం బజ్జీలు తిన్నాడు కాబట్టి గ్యాసే అనుకున్నాం, ఈనో తాగించాం, గ్యాస్ బిళ్ళ వేశాం. పోదాం పద అని నేను అన్నా, అమ్మ వద్దంది. అప్పుడు ఎట్టా ఉండేదో తెలుసుగా, మా వీధి చివర ఒకాయన కాలు విరిగి హాస్పిటల్‌కి పోయి అక్కడ అంటించుకుని పోయాడని చెప్పుకునేవాళ్ళు, నిజమో కాదో ఇప్పటికీ తెలీదు. తెల్లారనీ చూద్దాం అంది, సరే అన్నా.

అయిదింటికి లేచి చూస్తే బనీను మొత్తం తడిసిపోయి ఉంది, ఎడం చెయ్యి లాగేస్తోంది అంటున్నాడు. 108కి చేస్తే బండ్లన్నీ కేసుల మీద ఉన్నాయి నలభై నిమిషాలు పడుతుంది అన్నారు. ఆగలేక పక్కింటి ఆటోలో వేసుకుని పోయాం. మొదటి చోట సెక్యూరిటీ గేటు కూడా తియ్యలా, కోవిడ్ రిపోర్ట్ ఉందా అన్నాడు. రెండో చోట నుదుటికి జ్వరం చూసే గన్ పెట్టారు, 99.8 చూపించింది, అంతే సస్పెక్ట్ అని బయట షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టారు. గంటన్నర. మూడో చోట ఈసీజీ తీశారు, ఆ కాగితం చూడగానే డాక్టర్ మొహం మారిపోయింది. క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఎక్కించేసరికి తొమ్మిదీ నలభై. పదకొండుంపావుకి పోయాడు.

పోయాక శాంపిల్ తీశారు. రిపోర్ట్ వచ్చేదాకా మార్చురీలోనే. మూడో రోజు నెగెటివ్ అని మెసేజ్ వచ్చింది.

అమ్మ ఇప్పటికీ "నేనే ఆపాను, నేనే చంపుకున్నా" అంటది. నేనేమో ఆ గేట్ల దగ్గర పోయిన టైం వల్లే అంటా. ఇంట్లో పోయిన ఆరు గంటలా, రోడ్డు మీద పోయిన నాలుగున్నర గంటలా? ఓదార్పు వద్దు, తెలిసినోళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

మోడరేటర్ | రాత్రి 9:50

ఈ టాపిక్ తెరిచే ఉంచుతున్నాం. ఒకటే మాట, ఏ హాస్పిటల్ పేరూ ఏ డాక్టర్ పేరూ రాయకండి, రాస్తే పోస్ట్ తీసేస్తాం.

మిర్చియార్డ్ | రాత్రి 9:58

బ్రదర్ చదువుతుంటే కడుపులో దేవేసింది. మా పెదనాన్నదీ అచ్చం ఇదే, కాకపోతే ఆయనది గుంటూరు, ఏప్రిల్. యార్డ్ మూసేసి ఉన్నారు, కొట్లో పని లేదు, ఇంట్లో కూర్చుని టీవీలో కేసుల లెక్క చూసీ చూసీ నొప్పొస్తే కూడా చెప్పలా. రెండ్రోజులు దాచాడంట. చెబితే పద్నాలుగు రోజులు తీసుకుపోయి ఎక్కడో పెడతారని భయం.

సైరన్ | రాత్రి 10:15

తమ్ముడూ నేను 108లో పైలట్‌ని, అంటే బండి నడిపేవాణ్ణి. అప్పుడు ఎన్టీఆర్ జిల్లా లేదు, అంతా కృష్ణా జిల్లానే. నలభై నిమిషాలు అన్నారంటే ఎందుకన్నారో చెప్తా. జూలై ఒకటిన బెజవాడ బెంజి సర్కిల్లో 108, 104 కలిపి 1,088 బండ్లు జెండా ఊపి వదిలారు, కొత్త బండ్లు, అన్నీ ఉన్నాయ్. కానీ బండి ఎన్నుంటే ఏం లాభం, ఒక్కో కేసుకి పట్టే టైం డబుల్ అయిపోయింది. మామూలుగా కేసు దించి, షీట్ మార్చి, రెడీ అని కాల్ సెంటర్‌కి చెప్పేస్తాం. అప్పుడు దించాక బండి లోపలంతా హైపోక్లోరైట్ (క్రిములు చంపే మందు) కొట్టాలి, ఆరాలి, నేనూ, బండిలో పేషెంటుని చూసుకునే ఈఎంటీ కిట్లు విప్పాలి, ఇంకోటి వేసుకోవాలి. జూలై ఎండలో ఆ పీపీఈ కిట్ వేసుకుని స్టీరింగ్ పట్టుకుంటే గ్లవ్స్‌లో నీళ్ళు నిలబడేయి, అబద్ధం కాదు.

దించడం కూడా పెద్ద కథే. గేటు దగ్గర బెడ్డు లేదంటారు, ఇంకో చోటుకి పో అంటారు, అక్కడా అదే. పేషెంటు బండిలో ఉన్నంతసేపు నా బండి ఖాళీ కానట్టే. నీ కాల్ వచ్చినప్పుడు పటమటకి దగ్గర్లో ఉన్న బండి అట్టా ఏదో గేటు ముందు నిలబడే ఉండుంటది. చెప్పుకోడానికి బాధగా ఉంది కానీ జరిగింది అదే.

బ్రాడీపేట_నాలుగోలైన్ | రాత్రి 10:21

సైరన్ అన్నా పేరాలు పెట్టి రాసినందుకు థాంక్స్, ఈ గ్రూపులో అది గొప్ప విషయం.

రైల్వేకాలనీ_కింగ్ | రాత్రి 10:34

అందరూ ఏవేవో చెప్తారు కానీ అసలు సంగతి నేను చెప్తా. డాక్టర్లు భయపడి పారిపోయారు. గుండెనొప్పి పేషెంటుని గేటు దగ్గర టెస్ట్ అడగడం ఏందయ్యా. టెస్ట్‌కి డబ్బులు, స్కాన్‌కి డబ్బులు, కిట్లకి డబ్బులు, బిల్లులో పీపీఈ కిట్లు రోజుకి ఇన్ని అని రాసేవాళ్ళు. భయం పేరు చెప్పి దోచుకున్నారు అంతే ఇందులో సైన్సు లేదు సున్నా లేదు

రాత్రిడ్యూటీ | రాత్రి 10:52

కింగ్ గారూ, నేను స్టాఫ్ నర్సుని, గుంటూరులో క్యాజువాల్టీలోనే చేశాను ఆ రెండేళ్ళూ. పారిపోయామా? మా పాపకి అప్పుడు మూడేళ్ళు, రెండు నెలలు మా అమ్మ దగ్గర వదిలేసి హాస్టల్ గదిలో పడుకున్నా. మా షిఫ్ట్‌లో ఏడుగురికి వచ్చింది. బిల్లుల సంగతి నాకు తెలీదు, నా జీతం మాత్రం అంతే ఉంది.

గేటు దగ్గర టెస్ట్ ఎందుకో చెప్తా వినండి. ఏప్రిల్‌లో ఒకాయన కడుపునొప్పి అని వచ్చాడు, జ్వరం లేదు దగ్గు లేదు, మామూలుగానే చూశాం. రెండ్రోజులకి పాజిటివ్ అని తేలింది. ఆయన్ని ముట్టుకున్నోళ్ళందరినీ 14 రోజులు క్వారంటైన్‌లో పెట్టారు, డాక్టర్లు, మేము, ఆయా, స్ట్రెచర్ తోసే అబ్బాయి దాకా. మిగిలిన నలుగురితో క్యాజువాల్టీ నడిచింది. ఆ పద్నాలుగు రోజుల్లో వచ్చిన యాక్సిడెంట్ కేసుని ఎవరు చూడాలి? పైవాళ్ళు భయపడింది అందుకు. గేటు దగ్గర ఆపడం కరెక్ట్ అని నేను అనట్లేదు. పటమటలంక గారి నాన్నగారిని షామియానా కింద గంటన్నర ఉంచారంటే నాకు కోపమే వచ్చింది. సస్పెక్ట్ అయితే మాత్రం ఈసీజీ మిషన్ బయటికి రాదా? మా దగ్గర బయటే స్ట్రెచర్ మీద తీసేవాళ్ళం, కిట్ వేసుకుని. అయిదు నిమిషాల పని.

రైల్వేకాలనీ_కింగ్ | రాత్రి 10:59

మీ గురించి అనలేదు మేడం ఓనర్ల గురించి అన్నా

రాత్రిడ్యూటీ | రాత్రి 11:01

మీరు "డాక్టర్లు పారిపోయారు" అనే రాశారు. పైన అట్టాగే ఉంది.

లెక్కలమాస్టారు | రాత్రి 11:20

పటమటలంక బాబూ, నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయినవాడిని, వైద్యుణ్ణి కాదు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని నేను చేసిన పని ఈ లెక్కలు చదవడమే. మీ నాన్నగారి లాంటి కథ ప్రపంచమంతా జరిగింది, అది మాత్రం అంకెల్లో స్పష్టంగా ఉంది.

అమెరికాలో 2020 మార్చి 29 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎమర్జెన్సీ విభాగాలకి వచ్చినవాళ్ళ సంఖ్య అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 42 శాతం పడిపోయింది. జబ్బులు తగ్గాయా? లేదు, రావడం తగ్గింది. అక్కడ కోవిడ్ మీద జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించాక పది వారాల్లో గుండెపోటుతో వచ్చేవాళ్ళు 23 శాతం, పక్షవాతంతో వచ్చేవాళ్ళు 20 శాతం తగ్గారు. ఇంగ్లండ్‌లో గుండెపోటు అడ్మిషన్లు మార్చి నెలాఖరుకి 40 శాతం తగ్గాయి. మన దేశంలో గుండె డాక్టర్ల సంఘం వాళ్ళు 187 ఆసుపత్రుల లెక్క తీశారు. 2019లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గుండెపోటుతో చేరినవాళ్ళు 25,418 మంది, 2020లో అవే మూడు నెలల్లో 16,414 మంది. 35 శాతం తగ్గుదల. మరి ఆ తొమ్మిది వేల మందీ ఏమయ్యారు? కొందరు ఇంట్లోనే ఈనో తాగి బతికిపోయి ఉంటారు, కొందరు ఇంట్లోనే పోయి ఉంటారు, కొందరు ఈ 187లో లేని ఆసుపత్రికి వెళ్ళి ఉంటారు.

ఇంట్లో పోయినవాళ్ళ లెక్క కొన్ని ఊళ్ళలో దొరికింది. ఇటలీలో లొంబార్డీ ప్రాంతంలో ఆసుపత్రి బయట గుండె ఆగిపోయిన కేసులు మొదటి నలభై రోజుల్లో 229 నుంచి 362కి పెరిగాయి, అంటే 58 శాతం. న్యూయార్క్‌లో దాదాపు మూడు రెట్లు. పారిస్‌లో రెండింతలు, పైగా అలా గుండె ఆగినవాళ్ళలో ప్రాణంతో ఆసుపత్రి దాకా చేరినవాళ్ళు అంతకు ముందు నూటికి 22.8 మంది ఉంటే, ఆ వారాల్లో 12.8కి పడిపోయారు. ఆ పెరుగుదల మొత్తం కోవిడే అనడానికి లేదు, పారిస్ వాళ్ళు తేల్చింది సుమారు మూడో వంతు మాత్రమే నేరుగా కోవిడ్ అని.

మిర్చియార్డ్ | రాత్రి 11:28

మాస్టారూ మిగతా రెండొంతులు మా పెదనాన్న లాంటోళ్ళన్నమాట

లెక్కలమాస్టారు | రాత్రి 11:36

కావచ్చు. ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. ఇటలీలో పెద్ద గుండెపోటుతో చేరినవాళ్ళలో అంతకు ముందు ఏడాది నూటికి 4.1 మంది పోతే, 2020 మార్చిలో ఒక వారంలో 13.7 మంది పోయారు. చూడగానే వైద్యం మూడింతలు పాడైపోయింది అనిపిస్తుంది. ఆగండి. ఇంటర్ పరీక్షకి బాగా చదివే పిల్లలు సగం మంది రాలేదనుకోండి, కాలేజీ పాస్ శాతం ధనామని పడుతుంది, అంతమాత్రాన మాస్టార్లు పాఠం చెప్పడం మానేసినట్టు కాదు కదా. నొప్పి కాస్త తక్కువున్నవాళ్ళు ఇంట్లో ఉండిపోయారు, భరించలేనివాళ్ళే వచ్చారు, వచ్చినవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. 13.7లో ఈ మూడూ కలిసి ఉన్నాయి, దేనిది ఎంతో విడదీయడం కష్టం.

తెనాలి_చెల్లి | రాత్రి 11:49

మా అమ్మది డయాలసిస్. వారానికి మూడు సిట్టింగులు గుంటూరులో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి బస్సుల్లేవు. అన్నయ్య బండి మీద వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు, చేతికి ఫిస్ట్యులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన నరం) ఉన్న మనిషిని, నారాకోడూరు దగ్గర పోలీసులు ఆపితే స్లీవ్ పైకి లాగి ఆ ఉబ్బిన నరం చూపించేది, అదే మా పాస్. కొంతమంది దండం పెట్టి పంపేవాళ్ళు కూడా. కానీ యూనిట్‌లో టెక్నీషియన్‌కి పాజిటివ్ వచ్చి నాలుగు రోజులు మూసేశారు. అమ్మకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని "గాలి రావట్లేదే" అంది. ఆయాసం అనగానే అందరూ కరోనా అన్నారు. ఎవరూ డయాలసిస్ అనుకోలేదు, నేను అరిచి అరిచి చెప్పా, ఫైలు చూపించా. ఒక చోట పీజీ డాక్టర్ అబ్బాయి ఒకడు ఫైలు తీసుకుని చదివాడు, చదివింది ఆ అబ్బాయి ఒక్కడే. విడిగా ఒక మిషన్ మీద పెట్టించాడు. అమ్మ బతికింది. ఇంకో రెండేళ్ళు ఉంది.

లెక్కలమాస్టారు | అర్ధరాత్రి 12:05

రాజస్థాన్‌లో ప్రభుత్వ బీమా కింద డయాలసిస్ చేయించుకునేవాళ్ళని ఫోన్లు చేసి అడిగారమ్మా. 63 శాతం మందికి ఆటంకం వచ్చింది, లాక్‌డౌన్‌కి ముందు మార్చితో పోలిస్తే మే నెలలో మరణాలు 64 శాతం ఎక్కువ. మీ అమ్మగారికి ఆ అబ్బాయి దొరికాడు.

స్టెతస్కోపు | అర్ధరాత్రి 12:40

ఇప్పుడే డ్యూటీ దిగి చదివాను. నేను జనరల్ మెడిసిన్, ఊరు చెప్పను. పటమటలంక గారు ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను, ఈసీజీ చూడకుండా ఖాయంగా ఎవరూ చెప్పలేరని మాత్రం గుర్తుంచుకోండి.

గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే కండరం చావడం మొదలయ్యేది నిమిషాల్లో. మొదటి రెండు మూడు గంటల్లో నాళం తెరిస్తే దక్కే కండరం ఎక్కువ, తర్వాత గంట గంటకీ లాభం తగ్గుతూ పోతుంది. క్లాట్ కరిగే ఇంజెక్షన్ 12 గంటల దాకా ఇస్తాం, కానీ మొదటి గంటలో ఇచ్చినదానికీ పదో గంటలో ఇచ్చినదానికీ చాలా తేడా. మామూలు రోజుల్లో పేషెంట్ తలుపు దాటిన పది నిమిషాల్లో ఈసీజీ, 90 నిమిషాల్లో స్టెంట్ లేదా అరగంటలో ఇంజెక్షన్ అనేది మా టార్గెట్. 2020లో చైనా డాక్టర్లు ముందు ఇంజెక్షనే ఇవ్వండి, క్యాథ్‌ల్యాబ్ (స్టెంట్ వేసే గది) తర్వాత చూద్దాం అన్నారు, ఎందుకంటే ల్యాబ్‌లోకి కిట్లు వేసుకుని వెళ్ళి, అయ్యాక మొత్తం కడిగి, ఇంకో కేసు పెట్టేసరికి గంటలు పట్టేది.

మీ నాన్నగారికి పదకొండింటికి మొదలైంది, ఇంజెక్షన్ తొమ్మిదీ నలభైకి. పదిన్నర గంటలు దాటింది. రాత్రి పన్నెండింటికే వచ్చుంటే, మామూలు సంవత్సరం అయ్యుంటే, అవకాశం చాలా మెరుగ్గా ఉండేది. ఇంట్లో పోయిన గంటలు ముందు గంటలు, వాటి విలువ ఎక్కువ. ఇది మీరు వినాలనుకున్న జవాబు కాదని తెలుసు.

హాంకాంగ్‌లో ఇదే లెక్క తీశారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేదాకా పట్టిన టైం అంతకు ముందు 82 నిమిషాలు ఉండేది, 2020 తొలి వారాల్లో 318 నిమిషాలకి పోయింది.

లెక్కలమాస్టారు | అర్ధరాత్రి 12:48

డాక్టర్ గారూ, ఆ హాంకాంగ్ లెక్క ఏడుగురు పేషెంట్ల మీద. దారి చూపిస్తుంది గానీ దాని మీద బరువు పెట్టకూడదు.

స్టెతస్కోపు | అర్ధరాత్రి 12:51

ఒప్పుకుంటా మాస్టారూ.

రాత్రిడ్యూటీ | అర్ధరాత్రి 1:10

డాక్టర్ గారి మీద గౌరవంతోనే, ఒక దాంట్లో ఒప్పుకోను. "మామూలు సంవత్సరం అయ్యుంటే" అన్నారు చూడండి, కీలకం అక్కడే ఉంది. అది మామూలు సంవత్సరం కాదు. జూలై నెలాఖరు రాత్రి పన్నెండింటికి ఆ అమ్మగారు సరే పదండి అనే ఉంటే ఏం జరిగేది? అదే ఆటో, అదే మొదటి గేటు, అదే గన్ను. పగలు గంటన్నర కూర్చోబెట్టినోళ్ళు రాత్రి పూట ఎంతసేపు కూర్చోబెట్టేవాళ్ళు? రాత్రి పూట ర్యాపిడ్ కరోనా టెస్ట్ చేసే టెక్నీషియన్ ఉండేవాడు కాదు చాలా చోట్ల, తెల్లారి ఎనిమిదికి వచ్చేవాడు. నేను కళ్ళారా చూశా. రాత్రి ఒంటిగంటకి వచ్చి పొద్దున తొమ్మిదికి లోపలికి పోయిన పేషెంట్లని చూశా. అమ్మగారు ఆపింది ఆరు గంటలు అని లెక్కేస్తున్నారు, ఆ ఆరు గంటల్లో ఎన్ని గంటలు గేటు తినేసేదో ఎవరైనా లెక్కేశారా?

అసలు ఆవిడ వద్దన్నది మొండితనంతో కాదు కదా. రోజూ టీవీలో ఇంట్లోనే ఉండండి ఇంట్లోనే ఉండండి అని చెప్పింది ఎవరు? గుండెనొప్పి వస్తే మాత్రం రండి అని అంత గట్టిగా ఎవరైనా చెప్పారా? మేమే చెప్పలా.

స్టెతస్కోపు | అర్ధరాత్రి 1:22

సిస్టర్ గారూ, మీరన్నది నిజం. నేను నాళం గురించి చెప్పాను, మీరు గేటు గురించి చెప్పారు. నా జవాబులో గేటు లేదు, ఉండాల్సింది.

గేటు వెనకాల మా భయం ఒకటి చెప్తాను, సమర్థించుకోవడానికి కాదు. 2020 మేలో ఒక అంతర్జాతీయ స్టడీ వచ్చింది, కోవిడ్ ఉన్న మనిషికి సర్జరీ చేస్తే ముప్ఫై రోజుల్లో 23.8 శాతం మంది పోతున్నారని. నలుగురిలో ఒకరు. అది చదివాక ఏ సర్జన్‌కైనా అపెండిక్స్ కేసు ముట్టుకునే ముందు రిపోర్ట్ కావాలనిపిస్తుంది. కానీ రిపోర్ట్ వచ్చేలోపు అపెండిక్స్ పగిలి చీము కడుపంతా నిండిన పిల్లాడిని కూడా చూశాను. టెస్ట్ చెయ్యడం తప్పు కాదు, టెస్ట్ అయ్యేదాకా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం తప్పు. గుండెకి, పక్షవాతానికి, రక్తం పోయేవాళ్ళకి మా దగ్గర "అందరూ పాజిటివ్ అనుకుని కిట్ వేసుకుని మొదలుపెట్టెయ్" అనే పద్ధతి సెప్టెంబర్‌కి గానీ కుదురుకోలేదు.

బ్రాడీపేట_నాలుగోలైన్ | ఉదయం 6:30

మా నాయనమ్మకి మూతి వంకరపోయి కుడి చెయ్యి పడిపోయింది 2020 ఆగస్టులో. ముందు సీటీలో ఛాతీ చూస్తాం కరోనా ఉందేమో తర్వాత తల చూస్తాం అన్నారు. మేం చేరేసరికే నాలుగు గంటలు, తల స్కాన్ అయ్యేసరికి అయిదున్నర. క్లాట్ కరిగే ఇంజెక్షన్ టైం దాటిపోయింది అన్నారు. ఇప్పటికీ ఎడం చేత్తోనే తింటది. ఒకే మిషన్‌లో పడుకోబెట్టినప్పుడు ముందు తల చూసి తర్వాత ఛాతీ చూస్తే ఏం పోయేదో.

స్టెతస్కోపు | ఉదయం 7:05

నాలుగున్నర గంటలు దాటితే ఆ ఇంజెక్షన్ మామూలుగా ఇవ్వం, మెదడులో రక్తస్రావం భయం. పక్షవాతంలో నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు పోతాయని ఒక లెక్క ఉంది. మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదండి.

కొల్లిపర_లంక | ఉదయం 7:40

అందరూ పోయినోళ్ళ గురించే చెప్తున్నారు నేను బతికినోడి గురించి చెప్తా. మా బాబాయి, లంకలో అరటితోట, 2020 జూలైలో రాత్రి నీళ్ళు కట్టడానికి పోతే రక్తపింజరి కరిచింది. ఊళ్ళోకి పోయే దారిలో అప్పటికీ ముళ్ళకంప అడ్డం ఉంది, మార్చిలో బయటోళ్ళు రాకూడదని వేసింది ఎవరూ తియ్యలా. అది పీకి పక్కన పడేసి బండి మీద పీహెచ్‌సీకి తీసుకుపోయాం. టెస్ట్ గిస్ట్ ఏమీ లేదు. డాక్టరమ్మ మాస్కు పైన మాస్కు వేసుకుని గాజు ట్యూబులో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టింది, గడ్డ కట్టలా, అంతే విషం ఎక్కింది అని వెంటనే పాముమందు ఎక్కించింది. నాగుపాముకీ కట్లపాముకీ పింజరికీ ఒకటే మందంట. మూడో రోజు ఇంటికొచ్చాడు. బెజవాడ పోదాం అని మా తమ్ముడు గొడవ చేశాడు, పోయుంటే ఏమయ్యేదో ఇప్పుడు ఇదంతా చదువుతుంటే అనిపిస్తుంది.

రైల్వేకాలనీ_కింగ్ | ఉదయం 8:02

చూశారా చిన్న హాస్పిటల్ బెటర్ అని నేను ఎప్పట్నుంచో చెప్తున్నా

కొల్లిపర_లంక | ఉదయం 8:05

నువ్వెప్పుడు చెప్పావ్

సైరన్ | ఉదయం 8:30

2020 ఒక ఎత్తు, 2021 మే ఒక ఎత్తు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ, రోడ్లు ఖాళీ, బండి గాల్లో పోయేది కానీ పోడానికి చోటు లేదు. నేను 108 కాబట్టి రాష్ట్రం దాటను, మా బావమరిది ప్రైవేటు అంబులెన్స్. మే రెండో వారంలో హైదరాబాద్ కేసు వేసుకుని పోతే జగ్గయ్యపేట అవతల బోర్డర్లో ఆపేశారు. హాస్పిటల్ నుంచి బెడ్ కన్ఫర్మ్ లెటర్, తెలంగాణ పాస్, రెండూ ఉంటేనే అని. వెనకాల లైన్లో ఇంకా బండ్లు. లోపల పేషెంటుది కరోనా కూడా కాదు, తలకి దెబ్బ. సిలిండర్ ముల్లు చూసుకుంటూ కూర్చున్నాడంట. నాలుగు రోజులకి తెలంగాణ హైకోర్టు ఆ ఆర్డర్ ఆపేసింది, టీవీలో వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో మావాడు రెండుసార్లు బోర్డర్లో గరికపాడు దాకా పోయి వెనక్కొచ్చాడు.

గుండె ఆగిన కేసు సంగతి కూడా చెప్పాలి. ముందైతే ఇంట్లోకి దూకి ఛాతీ మీద నొక్కడమే. అప్పుడు రూలు ఏందంటే ముందు కిట్ వేసుకో, తర్వాత నొక్కు. ఆ జిప్పు లాక్కుని గాగుల్స్ పెట్టుకునేసరికి ఇంట్లో వాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుంటారు, ఏందయ్యా బట్టలేసుకుంటున్నావ్ అక్కడ మనిషి పోతుంటే అని. మా ఈఎంటీ ఒకసారి కిట్ వేసుకోకుండానే దూకేశాడు. తర్వాత వారం రోజులు ఇంటికి పోలా.

స్టెతస్కోపు | ఉదయం 9:10

ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం రెండూ లేకుండా పోయే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతుంది. మాస్టారు చెప్పిన పారిస్ లెక్కలో 22.8 నుంచి 12.8కి పడిపోయిన దాంట్లో ఆ జిప్పు కూడా ఉండొచ్చు.

లెక్కలమాస్టారు | ఉదయం 9:45

ఇంకో వైపు కూడా చెప్పకపోతే లెక్క పూర్తవదు. 2019లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,51,113 మంది పోతే 2020లో 1,31,714 మంది. దాదాపు 19 వేల మంది తగ్గారు, బండ్లు రోడ్డెక్కలేదు కాబట్టి. వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు. మహమ్మారి వల్ల బతికినవాడికి తాను బతికానని తెలియదు, పోయినవాళ్ళ ఇంట్లో మాత్రం తేదీ, గంట, నిమిషం గుర్తుంటాయి.

మిర్చియార్డ్ | ఉదయం 9:52

మాస్టారు పొద్దున్నే ఏడిపిస్తున్నారు.

తెనాలి_చెల్లి | ఉదయం 10:15

పటమటలంక అన్నయ్యా, రాత్రి నుంచి మీరు మాట్లాడలేదు. బాగున్నారా?

పటమటలంక | ఉదయం 11:30

ఉన్నా చెల్లీ. అన్నీ చదివా, రెండుసార్లు. డాక్టర్ గారు రాసింది చదివాక లేచి బయటికెళ్ళి కూర్చున్నా కాసేపు. ఆ జవాబు తప్పు అని కాదు, నేనే అడిగా. ఇన్నాళ్ళూ అమ్మతో వాదించింది నేను గెలవడానికే అని అప్పుడు అర్థమైంది, నాది గేటు తనది ఇల్లు, ఎవరిది వాళ్ళు పట్టుకుని కూర్చున్నాం.

డాక్టర్ గారూ నాన్న ఈసీజీ కాగితం బీరువాలో ఉంది, ఫొటో తీసి పెడదామని తీశా. గీతలు ఏమీ కనపడట్లేదు, కాగితం అంతా పసుపుపచ్చగా అయిపోయింది, మూల మీద పెన్నుతో రాసిన 9:25 ఒక్కటే ఉంది.

స్టెతస్కోపు | ఉదయం 11:41

థర్మల్ పేపర్ అండి, కొన్నేళ్ళకి అంతే. జిరాక్స్ తీయించి పెట్టుకోమని మేం చెప్పాలి, చెప్పం. 9:25కి ఈసీజీ, 9:40కి ఇంజెక్షన్ అంటే ఆ మూడో చోట పదిహేను నిమిషాల్లో మొదలుపెట్టారు. ఆ నెలలో అది చాలా త్వరగా చేసినట్టు.

పటమటలంక | మధ్యాహ్నం 12:20

అది ఎప్పుడూ గమనించలేదు సార్.

నర్సు మేడం రాసింది మొత్తం అమ్మకి చదివి వినిపించా. వంటింట్లో ఉంది, స్టవ్ కట్టేసి వచ్చి నిలబడి వింది. "గేటు తినేసేది" అన్న దగ్గర మళ్ళీ చదవమంది. ఏమీ అనలా. కాసేపాగి ఆ నర్సమ్మది ఏ ఊరో అడుగు అంది.

రాత్రిడ్యూటీ | మధ్యాహ్నం 2:05

ఇప్పుడే నిద్ర లేచా. దుగ్గిరాల అని చెప్పండి, పసుపు యార్డ్ వెనక.